నలుగురిలో మారాం చేసే మూడేళ్ల బాబు: కొట్టకుండా, లొంగకుండా

చెల్లెమ్మా, వందనాలు.

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావారికి కూడా సంగతి తెలుస్తుంది. మీ బాబుకు మూడేళ్లు. కూకట్‌పల్లిలో ఒక సూపర్ మార్కెట్ బిల్లింగ్ కౌంటర్ దగ్గర చాక్లెట్ కోసం నేల మీద పడి దొర్లాడు. వెనుక వరుసలో ఉన్నవారు చూస్తుంటే తట్టుకోలేక రెండు దెబ్బలు వేశారు, ఆ వెంటనే చాక్లెట్ కూడా కొనిచ్చారు, ఇంటికొచ్చి మీరు ఏడ్చారు. మొన్న ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) సమయంలో బాబు అరిస్తే ఒక పెద్దాయన బయటికి తీసుకెళ్లమన్నారు. మీ అత్తగారు బెత్తం వాడనివాడు తన కుమారునికి విరోధి అన్న బైబిల్ వాక్యం గుర్తుచేశారు. మీ వారు ఫోను చేతికిచ్చి ఊరుకోబెడుతున్నారు. కొట్టకుండా, అలాగని గారాబంతో చెడగొట్టకుండా క్రైస్తవ తల్లిగా ఎలా పెంచాలన్నది మీ ప్రశ్న.

పిల్లల ఆసుపత్రిలో తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ చేసే పనిలో నేను చాలాకాలం ఉన్నాను. సికింద్రాబాద్‌లో మా సంఘంలో సండే స్కూల్ చిన్న తరగతి ఇప్పటికీ నాదే. కాబట్టి నేల మీద దొర్లే పిల్లలతో పరిచయానికి లోటు లేదు. జవాబు పొడవవుతుంది, బాబు పడుకున్నాక చదవండి.

మొదట మిమ్మల్ని ఒకటి అడగాలి. అదే బాబు, అదే చాక్లెట్ కోసం, ఎవరూ లేనప్పుడు మీ ఇంటి హాల్లో దొర్లి ఉంటే కొట్టేవారా? చాలామంది తల్లులు ఈ ప్రశ్నకు కాస్త ఆలోచించి, లేదండీ, వంటగదిలోకి వెళ్లిపోయేదాన్ని అంటారు. బాబు చేసిన పని అక్కడా ఇక్కడా ఒకటే, చుట్టూ ఉన్న కళ్లే వేరు. ఆ దెబ్బలు బాబు ఒంటి మీద పడ్డాయి గానీ వేసింది వరుసలో నిలబడ్డవారికి చూపించడానికి. చాక్లెట్ కొన్నదీ వారి కోసమే, గోల ఆగాలి కదా. బయట మారాం ఎదురైనప్పుడు మనం చేసే పొరపాట్లు చాలావరకు ఈ సిగ్గులోంచే పుడతాయి. మనుషుల భయం ఉరి తెస్తుందని సామెతల గ్రంథం 29వ అధ్యాయంలో ఉంది. ఏవో పెద్ద హింసల కాలానికి చెందిన మాటనుకుంటాం గానీ, బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూడా అది అక్షరాలా పనిచేస్తుంది. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది: ఆ నాలుగు నిమిషాలు మీరు ఎవరి కోసం తల్లిగా ఉంటున్నారు, బాబు కోసమా, చూసేవారి కోసమా?

ఇక బాబు సంగతి. ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల దాకా ఈ మంకుపట్టు దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. రెండు మూడేళ్ల మధ్య ఉధృతంగా ఉంటుంది. కోరికలు, కోపం అప్పటికే పెద్దవారికి ఉన్నంత బలంగా ఉంటాయి. వాటికి కళ్లెం వేసే మెదడు ముందు భాగం మాత్రం పాతికేళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది. చెప్పుకోవడానికి మాటలు కూడా ఇంకా పూర్తిగా రాలేదు. గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో ఆత్మ ఫలాల వరుసలో ఆశానిగ్రహం చిట్టచివర ఉంటుంది. అరవై ఏళ్ల విశ్వాసులు దానికోసం ఇంకా మోకరించి ప్రార్థిస్తున్నారు, మనమేమో మూడేళ్ల వాడి దగ్గర అది సిద్ధంగా ఉండాలంటాం.

ఈ పేచీలు చాలావరకు కొద్ది నిమిషాల్లో ముగుస్తాయి. వాటికొక క్రమం ఉంటుంది. అరవడం, తన్నడం, విసిరేయడం మొదట్లోనే తారస్థాయికి చేరి అంతే త్వరగా దిగిపోతాయి. ఏడుపు, వెక్కిళ్లు ఇంకాసేపు ఉంటాయి, అప్పుడు బిడ్డ అమ్మ ఒడి వెతుక్కుంటాడు. ఈ క్రమం తెలిస్తే సగం పని తేలికవుతుంది. కోపం ఎక్కువగా ఉన్నప్పుడు మీరెంత మంచి మాట చెప్పినా చెవికెక్కదు, పైగా ఒక్కో మాట మంటను ఇంకాస్త ఎగదోస్తుంది. ఏడుపులోకి దిగాక దగ్గరికి తీసుకుంటే కరిగిపోతాడు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. మన సంఘాల్లో కొందరు ఇలాంటి పిల్లలను చూసి ఏదో మొండి ఆత్మ పట్టిందనీ, చేతులుంచి ప్రార్థన చేయించాలనీ అంటారు. మీతో ఎవరైనా ఆ మాట అంటే బాబు వినేలా అననివ్వకండి. ప్రార్థన మంచిదే, రోజూ చేయండి. కానీ మూడేళ్ల వయసును దయ్యమని పిలవడం మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

బెత్తం వాక్యం దగ్గరికి వద్దాం. సామెతలు 13:24 బైబిల్లో ఉంది, లేదని నేను చెప్పను. దాన్ని మీ అత్తగారు గౌరవంతోనే పట్టుకున్నారు. అయితే ఆ గ్రంథాన్ని మొదటి అధ్యాయం నుంచి ఒకసారి వరుసగా చదవండి. మొదటి తొమ్మిది అధ్యాయాల్లో తండ్రి ఏం చేస్తున్నాడు? మాట్లాడుతున్నాడు. నా కుమారుడా ఆలకించు, నా కుమారుడా మరిచిపోకు అని మళ్లీ మళ్లీ కూర్చోబెట్టి చెబుతున్నాడు. చెడ్డ స్నేహాలు, పరస్త్రీ, అప్పుకు పూచీ పడటం, సోమరితనం ఇవీ అక్కడి విషయాలు. ఆ కుమారుడు మంచీ చెడూ తెలిసి దారి ఎంచుకునే వయసులో ఉన్నవాడు. నిద్రవేళ దాటిపోయి ఆకలితో ట్రాలీలో కూర్చున్న పసివాడు కాడు. కొత్త నిబంధనకొస్తే పౌలు తండ్రులకు ఇచ్చిన ఆజ్ఞ రెండు చోట్ల ఒకేలా ఉంటుంది. ఎఫెసీయులకు 6:4లో పిల్లలకు కోపం రేపకుండా ప్రభువు శిక్షణలో, బోధలో పెంచమంటాడు. కొలొస్సయులకు 3:21లో వారి మనసు కుంగిపోకుండా కోపం పుట్టించవద్దంటాడు. అందరి ముందు చెంప మీద కొట్టడం కోపాన్నీ రేపుతుంది, మనసునూ కుంగదీస్తుంది. శిక్షణ ఉండాల్సిందే. ఎలాగన్నదే ప్రశ్న. వైద్యుల మాట కూడా చూడండి: అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2018లో పిల్లలను కొట్టవద్దని తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పింది. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను నిషేధించింది. బడిలో టీచరు చేయకూడదని మనమే పోట్లాడే పనిని అంతకంటే చిన్నవాడి మీద మనం చేయడం నాకు పొసగదు.

కొట్టకపోతే అడిగినదల్లా ఇవ్వాలా అని అడుగుతారు. అక్కర్లేదు. 131వ కీర్తన మూడే వచనాలు. పాలు మాన్పించిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణం నాలో ఉందంటాడు దావీదు. పాలు మాన్పించిన ఇంట్లో ఉన్నవారికి ఆ రోజులెలా ఉంటాయో తెలుసు. వేపాకు, ఏడుపులు, నిద్రలేని రాత్రులు. తల్లి ఇవ్వనని తేల్చేస్తుంది, బిడ్డ లోకం తలకిందులైనట్టు ఏడుస్తాడు. కానీ తల్లి ఎక్కడికీ పోదు. పాలు ఉండవు, ఒడి ఉంటుంది. కొన్నాళ్లకు ఆ పిల్ల పాల కోసం వెతకకుండా అదే ఒడిలో ఊరికే కూర్చుంటుంది. మీరడిగిన పెంపకం నా దృష్టిలో ఇదే. చాక్లెట్ ఇవ్వకండి, ఒడి తీసేయకండి. మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు: ముందు కసిరి ఒడి లాగేస్తాం, తర్వాత ఓడిపోయి చాక్లెట్ ఇస్తాం.

ఇప్పుడు అసలు ఆ కౌంటర్ దగ్గర ఏం చేయాలి? మొట్టమొదట మీ ఊపిరి. ఒక్కసారి నెమ్మదిగా వదలండి, లోపల "ప్రభువా, సహాయం" అనుకోండి, అంత ప్రార్థన చాలు. తర్వాత బాబు ఎత్తుకు వంగండి. నిలబడి పైనుంచి మాట్లాడితే బెదిరింపులాగే ఉంటుంది. గొంతు తగ్గించండి. మృదువైన మాట క్రోధాన్ని చల్లారుస్తుందన్న సామెతలు 15:1ను మనం గోడ క్యాలెండర్ల మీద చూస్తుంటాం, దాన్ని వాడాల్సిన చోటు ఇదే. మాటలు నాలుగుకు మించకూడదు: "నీకది కావాలి. కోపం వచ్చింది. ఈ రోజు కొనడం లేదు. అమ్మ ఇక్కడే ఉంది." ఆపైన మాట్లాడకండి. ఎందుకు ఏడుస్తున్నావు, మంచి అబ్బాయివి కదా, చూడు అందరూ ఎలా చూస్తున్నారో, పళ్లు పుచ్చిపోతాయి, ఇంట్లో ఉంది కదా... ఈ ప్రవాహం మొదలైతే బాబుకు వినిపించేది మీ కంగారు మాత్రమే. కొందరు పిల్లలు ఆ సమయంలో పట్టుకుంటే ఊరుకుంటారు, కొందరు ముట్టుకుంటే ఇంకా రెచ్చిపోతారు. మీ వాడు ఏ రకమో మీకు తెలిసే ఉంటుంది. రెండో రకమైతే పక్కన కూర్చుంటే చాలు. రెండు నిమిషాల్లో తగ్గకపోతే ట్రాలీని పక్కకు పెట్టి, ఇప్పుడే వస్తామని అక్కడి అమ్మాయికి చెప్పి, బాబును ఎత్తుకుని బయటికి నడవండి. విసురుగా లాక్కెళ్లకండి, మామూలుగా ఎత్తుకోండి. సామాన్లు ఎక్కడికీ పోవు. తగ్గాక లోపలికొచ్చి బిల్లు కట్టండి, చాక్లెట్ లేకుండానే.

ప్రమాదం ఉన్నచోట ఓపికగా కూర్చునే లెక్క వర్తించదు. రోడ్డు పక్కన, ఎస్కలేటర్ మీద, మెట్రో ప్లాట్‌ఫాం పసుపు గీత దగ్గర వెంటనే గట్టిగా పట్టుకుని ఎత్తుకోవాలి, వాడు తన్నినా సరే. అది శిక్ష కాదు కాబట్టి ముఖంలో కోపం అక్కర్లేదు. అమీర్‌పేట స్టేషన్లో సాయంత్రం ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే జనంలో పెద్దవారికే ఊపిరాడదు. రైల్లో మొదలుపెడితే తర్వాతి స్టేషన్లో దిగి, గోడ వైపు బెంచీ మీద కూర్చుని, సర్దుకున్నాక ఇంకో రైలెక్కండి. కొద్ది నిమిషాలకొకటి వస్తూనే ఉంటుంది. దిగి ఆగడానికి మీ మనసు ఒప్పుకుంటే చాలు.

చుట్టూ ఉన్నవారి గురించి కూడా చెప్పాలి. మన ఊళ్లో పిల్లాడు ఏడిస్తే ఎవరూ ఊరుకోరు, అది మన మంచితనమే. వెనుక ఉన్న పెద్దావిడ పాపం ఇవ్వమ్మా అంటుంది. ఇంకొకరు తమ సంచిలోంచి బిస్కెట్ తీస్తారు. సెక్యూరిటీ ఆయన మీసం తిప్పి భయపెడతాడు. వీరెవరితోనూ వాదించకండి. నవ్వుతూ, "పర్వాలేదండీ, రెండు నిమిషాల్లో సర్దుకుంటాడు" అంటే సరిపోతుంది. నిజానికి వారిలో సగం మంది తమ పిల్లల రోజులు గుర్తుచేసుకుంటూ ఉంటారు. మనం ఊహించుకునేంత కఠినంగా తీర్పు తీర్చేవారు ఒకరో ఇద్దరో ఉంటారు, వారిని మళ్లీ జీవితంలో చూడం.

లొంగిపోవడం గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే కొట్టడం కంటే ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇదే. తొమ్మిది సార్లు కాదని పదోసారి ఇస్తే బిడ్డ నేర్చుకునేది పదిసార్లు ఏడవాలనే. ఎప్పుడూ ఇచ్చే తల్లి పిల్లల కంటే అప్పుడప్పుడు ఇచ్చే తల్లి పిల్లలే ఎక్కువసేపు ఏడుస్తారు. ఇవ్వదలచుకుంటే అడిగిన మొదటి నిమిషంలోనే సంతోషంగా ఇవ్వండి, అందులో తప్పేమీ లేదు. కాదన్నాక మాత్రం దానికే కట్టుబడాలి. మత్తయి 5:37లో మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలన్నాడు యేసు. ఒట్టు పెట్టుకోవడం గురించి చెప్పిన మాటే అయినా పిల్లలున్న ఇంటికి ఇంతకంటే పనికొచ్చేది లేదు. అందుకే కాదనే ముందు ఒక క్షణం ఆలోచించండి. విసుగులో అన్ని కాదులు పోగుచేసుకుంటే దేనికీ నిలబడలేం.

ఇక నాకు అన్నింటికంటే బాధ కలిగించే సంగతి. బూచాడొస్తాడు, పోలీసుకు పట్టిస్తాను, డాక్టరు సూది పొడుస్తాడు అని పాత తరం బెదిరించేది. మన ఇళ్లలో వాటి స్థానంలోకి ఇంకో మాట వచ్చింది: ఇలా చేస్తే యేసయ్యకు కోపం వస్తుంది, యేసయ్య నిన్ను వదిలేస్తాడు. దయచేసి ఈ మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. మార్కు 10వ అధ్యాయంలో పిల్లలను తెచ్చినవారిని శిష్యులు గద్దించారు. యేసు కోపపడింది పిల్లల మీద కాదు, శిష్యుల మీద. తర్వాత పిల్లలను ఎత్తుకుని కౌగిలించుకుని ఆశీర్వదించాడు. ఆ పిల్లలు అప్పుడు చేతులు కట్టుకుని నిశ్శబ్దంగా నిలబడి ఉన్నారని అక్కడ ఎక్కడా రాసి లేదు. సండే స్కూల్లో మా పాఠం మొదలవకముందే భయంతో, నేను చెడ్డపిల్లను కాబట్టి యేసయ్యకు నేనంటే ఇష్టం లేదని చెప్పే పిల్లలు వస్తుంటారు. ఆ భయాన్ని తీయడానికి ఎంత సమయం పడుతుందో మీకు చెప్పలేను. అలాగే ప్రార్థనను శిక్షగా వాడకండి. మోకాళ్ల మీద కూర్చోబెట్టి క్షమించమని అడుగు అని గద్దిస్తే ఆ బిడ్డకు ప్రార్థనకూ గోడకుర్చీకీ తేడా ఎలా తెలుస్తుంది?

బయటికి వెళ్లే ముందు చేసే పనితో చాలా పేచీలు అసలు పుట్టవు. ఆదికాండం 33వ అధ్యాయంలో ఏశావు కలిసి ప్రయాణం చేద్దామంటే యాకోబు ఒప్పుకోడు. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, ఒక్క రోజు వేగంగా తోలినా చచ్చిపోతాయి, పిల్లలు నడవగలిగినంత మెల్లగా వస్తాను, నువ్వు ముందు వెళ్లు అంటాడు. ఇరవై ఏళ్ల తర్వాత కలిసిన అన్నతో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. మనకు ఆ ధైర్యం ఉండదు. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు చుట్టాలందరితో కలిసి సాయంత్రం ఆరింటికి బయలుదేరి, రాత్రి పదింటి దాకా ఆ దీపాల్లో, మైకుల మోతలో, దుమ్ములో తిప్పి, చివర్లో వాడు బొమ్మల దుకాణం ముందు పడిపోతే మొండివాడంటాం. మూడేళ్ల పిల్లలకు రోజుకు పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి, మధ్యాహ్నపు కునుకుతో కలిపి. క్రిస్మస్ బట్టల కోసం జనరల్ బజారుకు వెళ్లాలంటే ఉదయం తిని, నిద్ర తీరిన సమయంలో వెళ్లండి, రెండు దుకాణాలు చూసి వచ్చేయండి. కుదరకపోతే బాబును ఇంట్లో ఉంచి వెళ్లండి. బయలుదేరేటప్పుడే చెప్పండి: ఈ రోజు బియ్యం, సబ్బులు కొంటాం, చాక్లెట్ కొనం, బుట్టలో సబ్బులు వేసే పని నీది. పని ఉన్న చెయ్యి తక్కువ మారాం చేస్తుంది.

కావలసింది దొరకలేదని ఏడవడం ఒకటి, ఒళ్లు అలిసిపోయి ఏడవడం ఇంకొకటి. రెండోదాంట్లో మీరు కాదన్నారా అవునన్నారా అన్నది పట్టింపే ఉండదు, చాక్లెట్ ఇచ్చినా విసిరేస్తాడు. రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా బదరీ వృక్షం కింద పడుకుని నా ప్రాణం తీసేయి అంటాడు. అంతటి ప్రవక్తే. దూత ఆయనకు పాఠం చెప్పలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ఏలీయా, ఇక్కడేం చేస్తున్నావన్న ప్రశ్న నలభై రోజుల తర్వాత, హోరేబు కొండ దగ్గర వచ్చింది. బాబు అలిసిపోయిన రోజున బోధ వద్దు. అన్నం, నీళ్లు, నిద్ర.

చర్చి విషయం కొంచెం వివరంగా చెబుతాను, అక్కడ మీకు తగిలిన గాయం పెద్దదని రాతలోనే తెలుస్తోంది. మన తెలుగు ఆరాధనలు చాలాచోట్ల రెండు మూడు గంటలు సాగుతాయి. స్పీకర్ల శబ్దం చిన్న చెవులకు ఎక్కువ. బల్ల ఆదివారం చాలామంది ఏమీ తినకుండా వస్తారు. మీరు ఉపవాసం ఉండండి, కానీ బాబుకు మాత్రం కడుపునిండా పెట్టి తీసుకురండి. తల్లి కూడా ఖాళీ కడుపుతో ఉందన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇద్దరికీ ఓపిక అయిపోతుంది. ముందు వరుస వద్దు, స్పీకరు పక్కన వద్దు. తలుపు దగ్గర, పక్క వరుసలో కూర్చోండి, లేచి వెళ్లడం ఎవరికీ అడ్డం కాకుండా. పాటలప్పుడు లోపల ఉంచండి, పిల్లలకు పాటలిష్టం. ప్రసంగం సగంలో ఒకసారి బయట తిప్పి తీసుకురండి, వాడు గోల చేశాక కాకుండా చేయకముందే. సంచిలో ఒక గుడ్డ పుస్తకం, నాలుగు మైనపు రంగులు, అరటిపండు, కొన్ని మరమరాలు. ఇంకొకటి: స్త్రీల వైపు, పురుషుల వైపు అని విడిగా కూర్చునే సంఘాల్లో పిల్లలెప్పుడూ స్త్రీల వైపే ఎందుకుంటారో నాకు అర్థం కాదు. ప్రసంగం మొదటి సగం మీరు వినండి, రెండో సగం మీ వారు వింటారు. ఆయన బాబును ఎత్తుకుని ఆవరణలో తిరిగితే ఆయన పెద్దరికం ఏమీ తగ్గదు.

బయటికి తీసుకెళ్లమన్న పెద్దాయన మీద మనసులో ఏమీ పెట్టుకోకండి. పాస్టరుగారి భార్యతో విడిగా మాట్లాడి, పక్క గదిలో ఒక చాప, ఒక చిన్న స్పీకరు పెట్టించమని అడగండి. స్త్రీల సమాజంలో పిల్లలు పెద్దవారైన తల్లులు వంతుల ప్రకారం అక్కడ కూర్చోగలరు. చాలా సంఘాల్లో లేనిది గది కాదు, అడిగేవారు.

ఫోను సంగతి క్లుప్తంగా. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని కూడా. ఆసుపత్రి వరుసలో రెండు గంటలు కూర్చోవాల్సి వస్తే కాసేపు ఇవ్వడం పాపం కాదు. ఏడ్చిన ప్రతిసారీ ఇస్తే మాత్రం కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో బాబు నేర్చుకునే అవకాశమే పోతుంది. ఏడుపు ఫోనుకు తాళంచెవి అని కూడా తెలుసుకుంటాడు. మీ వారితో దీన్ని గొడవలా కాకుండా తీరిగ్గా ఉన్న రోజున మాట్లాడండి.

తుఫాను తగ్గాక నీళ్లు తాగించండి, ముఖం తుడవండి, దగ్గరికి తీసుకోండి, పనిలోకి వెళ్లిపోండి. అక్కడికక్కడే పంచాయతీ పెట్టకండి. ఇంటికి రాగానే బాబు వింటుండగా నాన్నకు, నానమ్మకు, ఫోనులో అమ్మమ్మకు ఆ కథంతా చెప్పడం చాలామందికి అలవాటు, అది ఇంకో శిక్ష. రాత్రి కుటుంబ ప్రార్థనలో వాడి మాటల్లోనే రెండు ముక్కలు చెప్పించండి: యేసయ్యా, నాకు కోపం వచ్చింది, రేపు సాయం చేయి. దావీదు కీర్తనల్లో కోపం, ఏడుపు, ఫిర్యాదు అన్నీ దేవుడి ముందు కుమ్మరించాడు, మన పిల్లలకు కూడా ఆ హక్కుంది. ఊపిరి నెమ్మదిగా వదలడం కూడా ఇంట్లో, వాడు సంతోషంగా ఉన్నప్పుడు ఆటలా నేర్పండి. పువ్వు వాసన చూడు, కొవ్వొత్తి ఊదు అంటే మూడేళ్ల వాడు నవ్వుతూ చేస్తాడు. ఏడుస్తున్నప్పుడు మొదటిసారి నేర్పితే పనికిరాదు.

ఆ రెండు దెబ్బల గురించి మీరు ఇంకా బాధపడుతున్నారు. బాబును కూర్చోబెట్టి, "ఆ రోజు అమ్మ కొట్టింది, అది తప్పు, క్షమించు" అనండి. నువ్వు అల్లరి చేశావు కాబట్టి అని తోక తగిలించకండి. తల్లి క్షమాపణ అడిగితే లోకువైపోతుందని మన పెద్దలకు భయం. నేను చూసినంతలో అలా అడిగిన ఇళ్లలో పిల్లలే ముందుగా క్షమాపణ అడగడం నేర్చుకున్నారు.

మీ అత్తగారి దగ్గరికి వచనాలతో యుద్ధానికి వెళ్లకండి. ఆమె పిల్లలను పెంచినప్పుడు వాకిలి ఉంది, వీధి ఉంది, ఎత్తుకోవడానికి పదిమంది ఉన్నారు. పిల్లల చేతికందే ఎత్తులో చాక్లెట్లు పేర్చిన బిల్లింగ్ కౌంటర్ లేదు. ఈ మాట మీకంటే మీ వారు తన తల్లితో చెప్పడం బాగుంటుంది: "అమ్మా, వాడికి క్రమశిక్షణ ఉంటుంది, కాదన్నది కాదనే ఉంటుంది, చెయ్యి మాత్రం చేసుకోం." ఆమెకు ఒక పనీ అప్పగించండి. పడుకునే ముందు బైబిల్ కథ నానమ్మదే అని ఖాయం చేస్తే మనవడి పెంపకంలో తనను పక్కన పెట్టారన్న బాధ ఉండదు.

వైద్యులకు చూపించాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. రోజుకు చాలాసార్లు రావడం, ఒక్కోటి పావుగంటకు మించి సాగడం, తల నేలకేసి బాదుకోవడం లేదా తనను తాను కొరుక్కోవడం, ఐదేళ్లు దాటినా తగ్గకపోవడం, వయసుకు తగ్గ మాటలు రాకపోవడం, పేరు పెట్టి పిలిస్తే చూడకపోవడం, మామూలు శబ్దాలకే చెవులు మూసుకోవడం. వినికిడి పరీక్ష కూడా చేయించాలి, సరిగ్గా వినపడని పిల్లలను మొండివారని కొట్టిన ఇళ్లు ఉన్నాయి. పిల్లల వైద్యుల దగ్గరికో, నీలోఫర్ ఆసుపత్రికో వెళ్లవచ్చు. ఎదుగుదల గురించి అనుమానముంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్.ఐ.ఈ.పీ.ఐ.డీ. ఉంది. కొందరు పిల్లలు ఏడుస్తూ గుక్కపట్టి నీలంగా మారిపోతారు, ఒక్కోసారి స్పృహ తప్పుతారు. చాలావరకు దానంతటదే తగ్గుతుంది గానీ, రక్తంలో ఇనుము తక్కువగా ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది, కాబట్టి రక్తపరీక్ష అడగడానికి మొహమాటపడకండి. విశ్వాసం తక్కువైందని ఎవరైనా అంటే పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడేనని గుర్తుచేయండి.

మీకే ఓపిక పూర్తిగా అయిపోయి, రోజూ ఏడుపొస్తూ, బాబు మీద చెయ్యి ఆగడం లేదనిపిస్తే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

బాబు మధ్యాహ్నం పడుకుంటాడా, ఏడ్చేటప్పుడు గుక్కపడతాడా, మాటలు ఎన్ని వచ్చాయి అన్నవి మీరు రాయలేదు. గుక్కపట్టే అలవాటుంటే పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి ఈ వారమే ముందు డాక్టరుకు చూపించండి. లేదంటే ఈ ఆదివారం తలుపు పక్క వరుస, కడుపునిండా టిఫిను, ప్రసంగం రెండో సగంలో మీ వారి వంతు, ఈ మూడింటితో మొదలుపెట్టి ఎలా జరిగిందో రాయండి. సూపర్ మార్కెట్ సంగతి ఆ తర్వాత చూద్దాం.